విటమిన్ ఇ శరీరానికి ఏం చేస్తుంది, జుట్టుకు ఏం చేస్తుంది

మాఘమాసంలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు మా పిన్ని కూతురు తన హ్యాండ్‌బ్యాగులోంచి ఆకుపచ్చ క్యాప్సూళ్ల షీటు ఒకటి తీసి నాకు చూపించింది. వినాయక చవితి రోజుల్లో ఆమెకు డెంగీ వచ్చి తగ్గింది. కార్తీకం వచ్చేసరికి దువ్వెనలో, దిండు మీద, స్నానాల గది జాలీ దగ్గర వెంట్రుకలు గుప్పెడేసి కనిపించడం మొదలైంది. ఎవరో చెప్పగా సంక్రాంతి నుంచి రోజుకొక విటమిన్ ఇ క్యాప్సూల్ మింగుతోంది. వారానికోసారి మరో రెండు క్యాప్సూళ్లను సూదితో పొడిచి, లోపలి నూనెను కొబ్బరినూనెలో కలిపి తలకు పట్టిస్తోంది. "అక్కా, ఇది మొదలుపెట్టిన పది రోజుల్లోనే రాలడం తగ్గింది. నువ్వు ఇలాంటివే రాస్తావు కదా, దీని గురించీ రాయి" అంది.

ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. రాలడం నిజంగానే తగ్గింది, క్యాప్సూళ్లు మొదలుపెట్టాకే తగ్గింది. అయితే అవి వేసుకోవడం వల్లనే తగ్గిందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే వెంట్రుక ఎలా పెరుగుతుందో, విటమిన్ ఇ అసలు పని ఏమిటో, మందుల షాపులో ఆ పేరుతో దొరికే పదార్థం ఏమిటో విడివిడిగా చూడాలి. ఈ మూడూ కలగాపులగం కావడం వల్లనే ఇన్ని ఇళ్లలో ఇన్ని క్యాప్సూళ్లు ఖర్చవుతున్నాయని నా అభిప్రాయం.

ముందు వెంట్రుక సంగతి. మన తల మీద దాదాపు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ప్రతి వెంట్రుకకూ చర్మం లోపల ఒక కుదురు ఉంటుంది, ఆ కుదురు ఒక చక్రంలో పనిచేస్తుంది. కొన్నేళ్ల పాటు, సాధారణంగా రెండు నుంచి ఆరేళ్ల దాకా, అది వెంట్రుకను నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెంచుతూ పోతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో పని ఆపి ముడుచుకుంటుంది. ఆపైన రెండు మూడు నెలలు విశ్రాంతి తీసుకుంటుంది. విశ్రాంతి ముగిసి కుదురు మళ్లీ మేల్కొనే వేళకు లోపల కొత్త వెంట్రుక తయారవడం మొదలవుతుంది, పాతది ఊడిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నవారి తలలో నూటికి ఎనభై ఐదు, తొంభై కుదుళ్లు పెరిగే దశలో ఉంటాయి, మిగిలినవి విశ్రాంతిలో ఉంటాయి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే అని వైద్యులు చెప్పేది ఈ లెక్క వల్లనే.

తీవ్రమైన జ్వరం, కాన్పు, పెద్ద ఆపరేషన్, ఉన్నట్టుండి తిండి బాగా తగ్గించేయడం వంటివి ఈ చక్రాన్ని కుదిపేస్తాయి. శరీరం ప్రాణాపాయంతో పోరాడుతున్నప్పుడు వెంట్రుకలు పెంచడం దానికి అత్యవసరమైన పని కాదు కాబట్టి, పెరుగుతున్న కుదుళ్లలో చాలా భాగం ఒక్కసారిగా పని ఆపి విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. ఆ వెంట్రుకలు అప్పుడే ఊడవు. రెండు మూడు నెలల విశ్రాంతి గడిచాక, జ్వరం సంగతే మరిచిపోయిన సమయంలో, అన్నీ కలిసి రాలడం మొదలవుతుంది. చర్మవైద్యులు దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. డెంగీ, టైఫాయిడ్, కోవిడ్ వచ్చి తగ్గినవారిలోనూ, బిడ్డకు మూడో నెల, నాలుగో నెల వచ్చేసరికి బాలింతల్లోనూ కనిపించేది ఎక్కువగా ఇదే. దీనికి కారణమైన జబ్బు తగ్గిపోయి ఉంటే, ఏ మందూ వేయకపోయినా మూడు నుంచి ఆరు నెలల్లో రాలడం దానంతటదే సద్దుమణుగుతుంది. కంగారు పుట్టి, నలుగురినీ అడిగి, ఏదో ఒకటి వాడడం మొదలుపెట్టేది సరిగ్గా రాలడం చివరికి వస్తున్నప్పుడే కావడంతో, చివరికి ఏది వాడితే దానికే పేరు వస్తుంది. విటమిన్ ఇ కావచ్చు, బయోటిన్ కావచ్చు, ఉల్లిరసం కావచ్చు.

ఇక విటమిన్ ఇ. దీని కథ 1922లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రయోగశాలలో ఎలుకలతో మొదలైంది. హెర్బర్ట్ ఎవాన్స్, క్యాథరిన్ బిషప్ అనే శాస్త్రవేత్తలు, అప్పటికి తెలిసిన పోషకాలన్నీ ఉన్న ఆహారాన్ని ఎలుకలకు పెట్టారు. అందులో కొవ్వుగా వాడింది పందికొవ్వు. ఎలుకలు బాగానే పెరిగాయి, చూలు కూడా కట్టాయి, కానీ కడుపులోని పిల్లలు నిలవలేదు. పచ్చి ఆకుకూర చేర్చినప్పుడు, ఆ తర్వాత గోధుమ మొలక భాగం చేర్చినప్పుడు, మళ్లీ పిల్లలు పుట్టాయి. ఆ తెలియని పదార్థాన్ని మొదట ఎక్స్ అన్నారు, తర్వాత వరుసలో ఖాళీగా ఉన్న ఇ అక్షరం ఇచ్చారు. 1936లో ఎవాన్స్ బృందం గోధుమ మొలకల నూనె నుంచి దాన్ని శుద్ధంగా వేరుచేసింది. గ్రీకు భాషలో సంతానాన్ని ఇచ్చేది అనే అర్థం వచ్చేలా టోకోఫెరాల్ అని పేరు పెట్టింది. 1938లో స్విట్జర్లాండ్‌లో పౌల్ కారర్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు.

సంతానం పేరు పెట్టినా దీని అసలు పని అంతకన్నా విశాలమైనది. మన ఒంట్లో ప్రతి కణాన్నీ చుట్టి ఉండే పొర కొవ్వులతో తయారైంది. ఆ కొవ్వుల్లో కొన్ని ప్రాణవాయువుకు తేలిగ్గా లొంగిపోతాయి. డబ్బాలో ఎక్కువ కాలం ఉంచిన వేరుశెనగ పప్పుకు ముక్క వాసన వస్తుంది కదా, అక్కడ జరిగే రసాయనచర్యే కణం పొరలోనూ జరగగలదు. ఒక కొవ్వు అణువు చెడితే అది పక్క అణువును చెరుపుతుంది, అది ఇంకోదాన్ని చెరుపుతుంది, ఇలా గొలుసుకట్టుగా సాగుతుంది. విటమిన్ ఇ ఆ కొవ్వుల మధ్యనే కూర్చుని, చెడిన అణువుకు తనలోని ఒక హైడ్రోజన్‌ను ఇచ్చేసి గొలుసును అక్కడికక్కడే తెంపుతుంది. అలా ఇచ్చాక తాను బలహీనపడుతుంది, విటమిన్ సి దాన్ని మళ్లీ పూర్వస్థితికి తెస్తుంది. వెయ్యి కొవ్వు అణువుల మధ్య ఒకటో రెండో విటమిన్ ఇ అణువులున్నా ఈ కాపలా సాగుతుంది. చాలా తక్కువ మోతాదుతో పని గడిచిపోవడానికి కారణం ఈ తిరిగి కోలుకునే గుణమే.

ఈ కాపలా లేకపోతే మొదట దెబ్బ ఎక్కడ తగులుతుందనేది మన ప్రశ్నకు చాలా ముఖ్యం. నిజమైన విటమిన్ ఇ లోపం చాలా అరుదు. పైత్యరసం సరిగా పారని కాలేయ వ్యాధులున్న పిల్లల్లో, కొవ్వు అరగని జబ్బులున్నవారిలో, కాలేయంలో ఈ విటమిన్‌ను మోసే ప్రోటీన్ పుట్టుకతోనే లోపించినవారిలో అది కనిపిస్తుంది. వారిలో కాళ్లూచేతుల నరాలు దెబ్బతింటాయి, నడక తూలుతుంది, మోకాలి మీద సుత్తితో తట్టినా కాలు ఎగరదు, కొందరికి కంటిలోని రెటీనా పాడవుతుంది. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల్లో ఎర్ర రక్తకణాలు పగిలిపోయి రక్తహీనత వస్తుందని 1960ల్లో గుర్తించారు. పొడవైన నరాలు, రెటీనా, ఎర్రకణాలు, ఇవన్నీ పొరల మీద, వాటిలోని కొవ్వుల మీద బతికేవి. ఈ జాబితాలో జుట్టు రాలడం లేదు. ఇనుము లోపిస్తే, థైరాయిడ్ మందగిస్తే, జింక్ బాగా తగ్గిపోతే జుట్టు రాలుతుందని వైద్యశాస్త్రం గట్టిగా చెబుతుంది, విటమిన్ ఇ గురించి అలా చెప్పదు.

అయితే జుట్టుకూ విటమిన్ ఇకీ ముడి పెట్టిన ఆలోచన గాలిలోంచి పుట్టలేదు. కుదురు చాలా చురుకైన భాగం. అక్కడి కణాలు వేగంగా విభజన చెందుతాయి, కాబట్టి ప్రాణవాయువు వల్ల కలిగే ఒత్తిడి అక్కడ ఎక్కువగా ఉంటుందనీ, దాన్ని అదుపు చేస్తే కుదురుకు మేలు కలగవచ్చనీ అనుకోవడం అర్థవంతమైన ఊహే. ఆ ఊహను మనుషుల మీద పరీక్షించి, ప్రపంచమంతటా ప్రకటనల్లోకి ఎక్కిన అధ్యయనం ఒకటి ఉంది. దాన్ని కాస్త దగ్గర నుంచి చూడాలి.

మలేషియాలోని సైన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో దాన్ని ప్రచురించారు. జుట్టు రాలుతున్న స్త్రీపురుషులను తీసుకుని, 21 మందికి రోజుకు 100 మిల్లీగ్రాముల టోకోట్రయినాల్‌ల (విటమిన్ ఇ కుటుంబంలోని పదార్థాల) మిశ్రమం, 17 మందికి మందు లేని ఉత్తుత్తి క్యాప్సూల్ ఇచ్చారు. తల మీద రెండు సెంటీమీటర్ల చదరంలో వెంట్రుకలను మొదట్లోనూ, నాలుగు నెలలకూ, ఎనిమిది నెలలకూ లెక్కపెట్టారు. ఎనిమిది నెలలు ముగిసేసరికి మందు వాడినవారిలో వెంట్రుకల సంఖ్య సగటున 34.5 శాతం పెరిగింది. ఉత్తుత్తి క్యాప్సూల్ వాడినవారిలో 0.1 శాతం తగ్గింది. వెంట్రుకల బరువు మాత్రం, అంటే వాటి మందం, చెప్పుకోదగ్గంతగా మారలేదు.

ఈ ఫలితం ఆశ కలిగించేదే. దాన్ని కొట్టిపారేయాలని నేను అనడం లేదు. కానీ ఇరవై ఒక్క మంది అంటే చిన్న గుంపు. వాళ్లలో జుట్టు రాలడానికి కారణాలు ఒకటి కావు. ఎనిమిది నెలల్లో తనంతట తానే కోలుకునే రకం జుట్టు రాలడం ఉందని పైన చెప్పుకున్నాం. అది ఒక గుంపులో కాస్త ఎక్కువమందికి ఉంటే చాలు, లెక్క తారుమారు కావచ్చు. ఇంత కీలకమైన విషయాన్ని ఇంకా పెద్ద గుంపుల మీద, వేర్వేరు చోట్ల, రాలే కారణాన్ని బట్టి విడదీసి మళ్లీ చూడాలి. వీటన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఆ అధ్యయనంలో ప్రధానంగా వాడినది టోకోట్రయినాల్. మా చెల్లెలి షీటులో ఉన్నది టోకోఫెరిల్ ఎసిటేట్. రెండింటినీ విటమిన్ ఇ అనే పిలుస్తారు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. విటమిన్ ఇ ఒక పదార్థం పేరు కాదు, ఎనిమిది పదార్థాల కుటుంబం పేరు. నాలుగు టోకోఫెరాల్‌లు, నాలుగు టోకోట్రయినాల్‌లు, ఒక్కో జట్టులో ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అని నలుగురు. ఎనిమిదీ మన తిండిలో ఉంటాయి, ఎనిమిదీ చిన్నపేగులో కొవ్వుతో పాటు ఒంటబడతాయి. కానీ కాలేయంలో ఒక ప్రోటీన్ వాటిని జల్లెడ పడుతుంది. అది ఆల్ఫా టోకోఫెరాల్‌ను గుర్తుపట్టి రక్తంలోకి తిరిగి పంపుతుంది, మిగిలినవాటిలో చాలా భాగాన్ని శరీరం త్వరగా విరగ్గొట్టి బయటికి తోసేస్తుంది. టోకోట్రయినాల్‌లు రక్తంలో కొద్ది గంటలకు మించి నిలవవు. అందుకే మనిషికి కావలసిన విటమిన్ ఇ ఎంత అనే లెక్క వేసేటప్పుడు ఆల్ఫా టోకోఫెరాల్‌నే లెక్కిస్తారు. ఒకదాని మీద జరిగిన ప్రయోగాన్ని చూపించి ఇంకోదాన్ని అమ్మడం, వాడడం తప్పని నేను అంటున్నది ఈ తేడా వల్లనే.

ఆల్ఫాలోనూ మళ్లీ రెండు రకాలు ఉన్నాయి. మొక్కల్లో తయారయ్యే ఆల్ఫా టోకోఫెరాల్ అణువుకు ఒకే ఆకారం ఉంటుంది. కర్మాగారంలో తయారైనదాంట్లో ఎనిమిది ఆకారాలు కలిసి ఉంటాయి, వాటిలో సగం మాత్రమే మన కాలేయం నిలబెట్టుకుంటుంది. లేబుల్ మీద డి ఆల్ఫా అని ఉంటే సహజమైనది, డి అక్షరం తర్వాత ఎల్ కూడా ఉంటే కృత్రిమమైనది అని అర్థం. అంతర్జాతీయ యూనిట్ల లెక్కలో సహజమైనదైతే ఒక యూనిట్‌కు 0.67 మిల్లీగ్రాములు, కృత్రిమమైనదైతే 0.45 మిల్లీగ్రాములు ఒంటికి పనికొచ్చే ఆల్ఫా టోకోఫెరాల్ అవుతుంది. కాబట్టి 400 యూనిట్ల సహజ క్యాప్సూల్ సుమారు 268 మిల్లీగ్రాములతో, 400 యూనిట్ల కృత్రిమ క్యాప్సూల్ సుమారు 180 మిల్లీగ్రాములతో సమానం.

ఆ 180 ఎంత పెద్ద అంకెనో పక్కన అవసరాన్ని పెట్టి చూస్తేగాని తెలియదు. అమెరికాలో పెద్దవారికి రోజుకు 15 మిల్లీగ్రాములు సిఫారసు చేస్తున్నారు. మన దేశంలో పోషక మోతాదులను నిర్ణయించే జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్‌లోని తార్నాకలోనే ఉంది. మనవారికి 7.5 నుంచి 10 మిల్లీగ్రాములు చాలని అది సూచిస్తోంది. అంటే ఆ ఒక్క క్యాప్సూల్‌లో పన్నెండు రోజుల నుంచి ఇరవై నాలుగు రోజులకు సరిపడేంత విటమిన్ ఉంది. రోజూ మింగితే దాన్ని పోషకం అనడం కన్నా మందు అనడం సబబు. మందు అన్నాక దానికి మేలూ ఉంటుంది, కీడూ ఉంటుంది.

మేలు నిజంగా కనిపించిన చోట్లు కొన్ని ఉన్నాయి. మద్యం అలవాటు లేకున్నా కాలేయానికి కొవ్వు పట్టి వాచినవారిలో, మధుమేహం లేని రోగుల మీద అమెరికాలో జరిపి 2010లో ప్రచురించిన పరీక్షలో, రోజుకు 800 యూనిట్ల సహజ విటమిన్ ఇ వాడినవారిలో 43 శాతం మందికి కాలేయం మెరుగుపడింది, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 19 శాతం మందికే మెరుగుపడింది. వయసుతో వచ్చే రెటీనా మధ్యభాగపు జబ్బు ముదరకుండా ఉండేందుకు విటమిన్ సి, జింక్ మొదలైనవాటితో కలిపి కంటివైద్యులు దీన్ని రాస్తారు. వీటిలో ప్రతిదానికీ ఒక జబ్బు, ఒక మోతాదు, ఒక గడువు, కనిపెట్టుకుని ఉండే ఒక వైద్యుడు ఉన్నారు.

కీడు సంగతి అంత సూటిగా బయటపడలేదు. దానికి పాతికేళ్లకు పైగా పట్టింది. ప్రాణవాయువు దెబ్బను ఆపే పదార్థం గుండెజబ్బునూ క్యాన్సర్‌నూ కూడా ఆపుతుందని 1980ల్లో, 1990ల్లో చాలామంది శాస్త్రవేత్తలు మనస్ఫూర్తిగా నమ్మారు. ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషుల మీద జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. రోజుకు 50 మిల్లీగ్రాముల విటమిన్ ఇ ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ఆపలేదు. ప్రోస్టేట్ క్యాన్సర్ మాత్రం తక్కువగా కనిపించింది, మెదడులో రక్తస్రావంతో వచ్చే పక్షవాతపు మరణాలు కాస్త ఎక్కువగా కనిపించాయి. ప్రోస్టేట్ గురించిన ఆ ఆశతోనే ఉత్తర అమెరికాలో 35,000 మందికి పైగా పురుషులతో 2001లో మరో పరీక్ష మొదలుపెట్టారు. అందులో కొందరికి ఇచ్చింది రోజుకు 400 యూనిట్ల కృత్రిమ టోకోఫెరిల్ ఎసిటేట్. ఉపయోగం కనిపించక 2008లో మాత్రలు ఆపించారు. ఆ తర్వాత కూడా వారిని గమనిస్తూ వచ్చి 2011లో ప్రకటించిన ఫలితం అందరినీ ఆశ్చర్యపరిచింది. విటమిన్ ఇ ఒక్కటే వాడినవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చింది.

జుట్టు కోసం మూడు నెలలు వాడిన యువతికి ఈ ప్రమాదమే వస్తుందని చెప్పడానికి ఈ లెక్క పనికిరాదు, అది మగవారి జబ్బు, ఏళ్ల తరబడి వాడాక తేలినది. కానీ ఆ పరీక్షలో ఇచ్చిన పదార్థమూ, మోతాదూ మన మందుల షాపుల్లో చీటీ లేకుండా దొరికే క్యాప్సూల్‌కు దాదాపు అచ్చు. భార్య తెచ్చుకున్న షీటులోంచి భర్త కూడా ఒకటి వేసుకోవడం, ఆరోగ్యానికి మంచిదని ఏళ్ల పాటు కొనసాగించడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. గుండెజబ్బును, క్యాన్సర్‌ను నివారించడానికి విటమిన్ ఇ మాత్రలు వాడవద్దని అమెరికా నివారణ వైద్య నిపుణుల బృందం 2022లో స్పష్టంగా చెప్పింది.

వెంటనే పట్టించుకోవలసిన ప్రమాదం మరొకటి ఉంది. ఎక్కువ మోతాదులో విటమిన్ ఇ, రక్తం గడ్డకట్టడానికి అవసరమైన విటమిన్ కె పనికి అడ్డు తగులుతుంది. గుండె కవాటం మార్పిడి జరిగి రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, ఎసిట్రోమ్ వంటి మందులు వాడుతున్నవారు, స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మీద ఉన్నవారు దీన్ని సొంతంగా వేసుకోకూడదు. ఆపరేషన్ ఉన్నవారు ఈ క్యాప్సూల్ వాడుతున్న సంగతి ముందే సర్జన్‌కు చెప్పాలి. అదొక మందన్న ఆలోచనే లేకపోవడంతో, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని డాక్టరు అడిగినప్పుడు చాలామంది లేదనే చెబుతారు.

ఇప్పుడు తలకు రాసుకునే విషయం. క్యాప్సూల్‌ను సూదితో పొడిస్తే తేనెలా చిక్కగా, లేత పసుపు రంగులో, జిగటగా ఒక చుక్క బయటికి వస్తుంది. వేళ్ల మధ్య రుద్దితే వెంటనే ఇంకదు, సాగుతుంది. అందులో ఉన్న టోకోఫెరిల్ ఎసిటేట్ రూపం డబ్బాలో ఎక్కువ కాలం చెడకుండా ఉండేందుకు తయారైంది. అంటే గొలుసును తెంపడానికి ఇవ్వవలసిన ఆ హైడ్రోజన్ దగ్గర ఒక మూత బిగించినట్టు ఉంటుంది. మింగితే క్లోమరసంలోని ఎంజైములు ఆ మూతను తీసేస్తాయి, విటమిన్ విడుదలవుతుంది. చర్మం మీద రాస్తే ఆ పని నెమ్మదిగా, కొంత మేరకే జరుగుతుంది. ఇక చర్మం దాటి పైకి వచ్చిన వెంట్రుకలో జీవకణాలే ఉండవు. దానికి పోషణ అనే మాట వర్తించదు. పైపూత దాన్ని నునుపు చేయగలదు, తేమ ఆపగలదు, దువ్వేటప్పుడు తెగకుండా కాపాడగలదు. అవి మంచి పనులే, కానీ పెరుగుదల వేరు.

పైపూతగా ఏది పనిచేస్తుందో చూసిన భారతీయ పరిశోధన ఒకటి ఈ విషయంలో నాకు బాగా నచ్చుతుంది. 2003లో ప్రచురితమైన ఆ పనిలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ వెంట్రుకలకు పట్టించి, కడిగినప్పుడూ దువ్వినప్పుడూ వెంట్రుకలోంచి ఎంత ప్రోటీన్ పోతోందో కొలిచారు. నష్టాన్ని గట్టిగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. దానిలోని లారిక్ ఆమ్లపు అణువు చిన్నది, తిన్ననిది కావడం వల్ల వెంట్రుక లోపలికి దూరగలుగుతుందని వారు వివరించారు. ఇప్పుడు విటమిన్ ఇ లెక్క పక్కన పెట్టి చూడండి. 100 గ్రాముల పొద్దుతిరుగుడు నూనెలో సుమారు 41 మిల్లీగ్రాముల ఆల్ఫా టోకోఫెరాల్ ఉంటుంది, కొబ్బరినూనెలో అది 0.1 మిల్లీగ్రాము దగ్గర, అంటే లేనట్టే. విటమిన్ ఇ నిండుగా ఉన్న నూనె వెంట్రుకను కాపాడలేకపోయింది, అది లేని నూనె కాపాడింది. మన అమ్మమ్మలు ఆదివారం ఉదయం గిన్నెలో వెచ్చచేసి మాడుకు పట్టించిన కొబ్బరినూనెకు క్యాప్సూల్ చుక్కలు కలిపినందువల్ల అదనంగా ఒరిగేది పెద్దగా ఉండదని దీన్నిబట్టి అనుకోవచ్చు.

పైగా అందరి చర్మమూ దాన్ని ఓర్చుకోదు. ఆపరేషన్ మచ్చలు పోతాయన్న నమ్మకాన్ని మయామీ వైద్యులు 1999లో పదిహేను మంది మీద పరీక్షించారు. మచ్చలో ఒక సగానికి విటమిన్ ఇ కలిపిన లేపనం, రెండో సగానికి అది లేని లేపనం రాశారు. పదింట తొమ్మిది మచ్చల్లో తేడా లేకపోవడమో, ఇంకా వికారంగా మారడమో జరిగింది. మూడోవంతు మందికి చర్మం ఎర్రబడి దురద పుట్టింది. మాడు మీద ఇలాంటి మంట వస్తే దాన్ని చుండ్రు అనుకుని ఇంకాస్త నూనె పట్టించేవారిని చూశాను.

ఆహారం విషయానికి వస్తే మన వంటిల్లు ఈ విటమిన్‌కు పేదది కాదు. రోజుకు మనిషికి 20 గ్రాముల పొద్దుతిరుగుడు నూనె వాడే ఇంట్లో ఆ నూనెలోనే దాదాపు 8 మిల్లీగ్రాములు ఉంటుంది. తవుడు నూనెలో 100 గ్రాములకు సుమారు 32 మిల్లీగ్రాములు ఆల్ఫా ఉండగా, మలేషియావారు వాడిన టోకోట్రయినాల్‌లు కూడా అందులో ఉంటాయి. వేరుశెనగ నూనెలో సుమారు 16. గుప్పెడు వేరుశెనగ పప్పులో రెండున్నర మిల్లీగ్రాములు, పది బాదం పప్పుల్లో మూడు. చాలామంది ఊహించనిది ఎండుమిరప కారం. అందులో 100 గ్రాములకు దాదాపు 30 మిల్లీగ్రాములు ఉంటుంది, కాబట్టి రోజుకు రెండు చెంచాల కారం తినే ఇంట్లో ఒక మిల్లీగ్రాముకు పైగా దానితోనే అందుతుంది. నువ్వుల్లో ఎక్కువగా ఉండేది గామా రకం, ఆల్ఫా తక్కువ. ఒకే నూనెను మూకుడులో పదేపదే కాచి పూరీలకూ బజ్జీలకూ వాడితే మాత్రం ఈ విటమిన్ క్రమంగా హరించుకుపోతుంది. గొలుసును తెంపడంలో అది ఖర్చయిపోతుంది, మిగిలేది ముక్కిన కొవ్వు. కొవ్వు లేకుండా ఇది ఒంటబట్టదు కాబట్టి, బరువు తగ్గాలని నూనె చుక్క లేకుండా ఉడికించిన కూరగాయలతో నెలలు గడిపేవారికి తిన్నది కూడా పూర్తిగా అందదు.

అయితే జుట్టు రాలుతున్నప్పుడు ఏం చూడాలి? కార్తీకంలో ఆమె నన్ను అడిగి ఉంటే, ముందు మూడు నెలలు వెనక్కి వెళ్లి ఏం జరిగిందో గుర్తు చేసుకోమనేదాన్ని. జ్వరం, కాన్పు, ఆపరేషన్, కఠినమైన డైటింగ్, కొత్త మందు, ఏదైనా ఉందా అని. తర్వాత హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ పరీక్ష, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ పరీక్ష చేయించమనేదాన్ని. హిమోగ్లోబిన్ సరిగా ఉన్నా ఒంట్లోని ఇనుము నిల్వలు అడుగంటి ఉండవచ్చు, నెలసరిలో రక్తం ఎక్కువగా పోయే మన ఆడవాళ్లలో ఇది మరీ సాధారణం. పాపిట వెడల్పవుతూ నడినెత్తి పలచబడుతుంటే, మగవారిలో నుదుటి పైభాగం వెనక్కి జరుగుతుంటే, అది వంశపారంపర్యంగా హార్మోన్ల ప్రభావంతో వచ్చేది కావచ్చు. దానికి మినాక్సిడిల్ వంటి నిరూపితమైన మందులున్నాయి, ఎంత ముందుగా మొదలుపెడితే అంత జుట్టు మిగులుతుంది. గుండ్రంగా నాణెంలా మచ్చలు పడితే అది ఇంకో జబ్బు. క్యాప్సూళ్లతో గడిపేసిన నెలల్లో జరిగే అసలు నష్టం డబ్బు కాదు, ఈ చికిత్సలకు దాటిపోయే సమయం.

ఆ పెళ్లిలో తలంబ్రాలు ముగిశాక, జనం భోజనాల వైపు కదిలినప్పుడు, నేను మా చెల్లెలిని కిటికీ పక్కన కూర్చోబెట్టి నుదుటి మీది జుట్టు వెనక్కి దువ్వి చూశాను. కణతల దగ్గరా, పాపిట పొడవునా, సన్నని కొత్త వెంట్రుకలు వెలుతురులో నిటారుగా నిలబడి కనిపించాయి. కొనలు తెగినవి కావు, మొలకల్లా మొనదేలి ఉన్నాయి. పెళ్లివారి పిల్లవాడి పెన్సిల్ పెట్టెలోంచి స్కేలు తెప్పించి కొలిచాను. చాలావరకు రెండున్నర సెంటీమీటర్లు ఉన్నాయి. నెలకు సెంటీమీటరు చొప్పున వెనక్కి లెక్కేస్తే అవి చర్మం పైకి వచ్చింది కార్తీకంలో, అంటే గుప్పెళ్లుగా రాలుతున్న రోజుల్లోనే. ఆ పెళ్లి నాటికి ఆమె క్యాప్సూళ్లు మొదలుపెట్టి మూడు వారాలే.